చిటికెడు

అక్క రాసిన ప్రోగ్రాంకి చిటికెడు అని పేరు పెట్టింది తమ్ముడే.

నీళ్ల మీటర్లు, లిఫ్టులు, కుట్టు మిషన్లు, బీపీ చూసే పెట్టెలు, వీటన్నిటి లోపలా గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. ముందు ఏ పని చెయ్యాలి, ఏది కాసేపు ఆగాలి, ఎప్పుడు కునుకు తియ్యాలి అని ఆ చిప్పుకి చెప్పే ప్రోగ్రాం ఒకటి అడుగున నడుస్తూ ఉండాలి. బజార్లో దొరికేవి చిప్పులో సగం చోటు ఆక్రమించుకుని కూర్చునేవి. అక్క రాసింది ఓ మూల ఒదిగిపోయేది. అది చూసి తమ్ముడు, కూరలో ఉప్పు కూడా ఇంతకంటే ఎక్కువే పడుతుంది, దీన్ని చిటికెడు అందాం అన్నాడు. అక్కకి నవ్వొచ్చింది. ఆ పేరే ఖాయమైపోయింది.

అంతకుముందు ఆమె ఒక లిఫ్టుల కంపెనీలో పనిచేసేది. ఆ లిఫ్టుల్లో నడిచే ప్రోగ్రాం ఎవరి దగ్గరో కొన్నది. దాని లోపల ఏముందో చూసే వీల్లేదు. లిఫ్టులు అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగిపోయేవి. తప్పు ఎక్కడుందో ఆమెకి చూచాయగా తెలుసు, కానీ తాళం వేసిన పెట్టె ముందు కూర్చున్నట్టే ఉండేది. అమ్మినవాళ్లకి రాస్తే జవాబు లేదు. లిఫ్టులో ఇరుక్కున్న ఒకావిడ భయంతో సొమ్మసిల్లి పడిపోయిన రోజు ఆమె ఉద్యోగం మానేసింది. తను రాసేది ఎవరైనా విప్పి చూసుకునేలా ఉండాలని అప్పుడే అనుకుంది. అందుకే చిటికెడు కోడంతా నెట్లో బాహాటంగా పెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తాము అమ్ముకునే వస్తువులో పెట్టుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

ఊరికే ఇచ్చేదాంతో వ్యాపారం ఏమిటని అందరూ అడిగారు. అమ్మ అయితే, మీ ఇద్దర్లో ఒక్కరికైనా బుద్ధుంటుందనుకున్నాను అంది. తమ్ముడి లెక్క వేరు. ప్రోగ్రాం ఊరికే ఇస్తాం. దాన్ని వాళ్ల బోర్డు మీద కూర్చోబెట్టి నడిపించాలంటే మనం కావాలి, వాళ్ల మనుషులకి నేర్పాలంటే మనం కావాలి, ఏదైనా పీకల మీదికొస్తే ఫోనెత్తడానికి మనం కావాలి. డబ్బు దానికి పుచ్చుకుంటాం. ఇదీ అతని లెక్క. ఫ్రిజ్జులు అమ్మే ఉద్యోగం వదిలేసి వచ్చి అక్క పక్కన కుర్చీ వేసుకున్నాడు.

టైర్ల షాపు మీద రెండు గదులు. కింద గాలి కొట్టే కంప్రెసర్ ఆన్ చేసినప్పుడల్లా బల్లలు వణికేవి, సోల్డరింగ్ చేసేవాళ్లు చెయ్యి పైకెత్తి ఆగేవాళ్లు. ఎంత ఉతికినా బట్టలకి రబ్బరు వాసన పోయేది కాదు. బల్లల నిండా బోర్డులు, రంగురంగుల తీగలు, సగం తాగి మర్చిపోయిన కప్పులు. అక్క గోడవైపు తిరిగి కూర్చుని రాసేది. తమ్ముడు బ్యాగు తగిలించుకుని ఫ్యాక్టరీల చుట్టూ తిరిగేవాడు. మెల్లగా పని దొరికింది, మనుషులు చేరారు.

బయటివాళ్లు కూడా చేరారు. మొహాలు తెలియని వాళ్లు, తమ తమ ఊళ్ల నుంచి తప్పులు చూపించేవాళ్లు, కొత్త ముక్కలు రాసి పంపేవాళ్లు. వాళ్లే అక్కకి చిటికెలమ్మ అని పేరు పెట్టారు. అందరిలోకీ అక్కకి గురి కుదిరింది మాస్టారి మీద. ఆయన వేరే ఊళ్లో బడిలో ఫిజిక్సు చెప్తాడు. చిప్పు ఏదో రాసుకుంటుండగా కరెంటు పోతే అప్పటిదాకా రాసింది చెడిపోకుండా కాపాడే భాగం మొత్తం ఆయనదే. సెలవుల్లో కూర్చుని రాశాడు. దానికి ఏమైనా పుచ్చుకోమంటే, పిల్లలకి పాఠం చెప్పినందుకు వాళ్ల దగ్గర పుచ్చుకుంటున్నానా అన్నాడు. బడి తనకి జీతం ఇస్తున్న సంగతి అక్క గుర్తుచేస్తే, అది అటెండెన్సుకి అన్నాడు.

ఒకరోజు ఒక పెద్ద చిప్పుల కంపెనీ నుంచి మనుషులొచ్చారు. టైర్ల షాపు ముందు కారు ఎక్కడ పెట్టాలో తెలీక కాసేపు తికమకపడి, ఇనప మెట్లెక్కి పైకొచ్చారు. తాము అమ్మే ప్రతి చిప్పుతోనూ చిటికెడు కలిపి ఇస్తామన్నారు. అయితే వాళ్ల వకీలు ఒక మెలిక పెట్టాడు. బయటివాళ్లు రాసిన ముక్కలు చాలా ఉన్నాయి కాబట్టి, వాటి మీద హక్కు అక్కాతమ్ముళ్ల కంపెనీకి రాసిస్తున్నట్టు అందరి సంతకాలూ కావాలి. రేపెవరైనా వచ్చి నాది నాకిచ్చెయ్యమంటే తాము చిక్కులో పడతామన్నాడు.

నువ్వడిగితేనే పెడతారు అన్నాడు తమ్ముడు. అక్క అందరికీ రాసింది. మాస్టారికి మాత్రం ఫోన్ చేసింది. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"రేపు ఇది ఎవరి చేతిలో పడుతుందమ్మా?"

"మా చేతిలోనే ఉంటుంది మాస్టారూ. నేనుండగా ఎటు పోతుంది?"

ఆయన సంతకం పెట్టి పంపించాడు.

ఆ తర్వాత కొంతకాలం బాగానే గడిచింది. అక్కని సభలకి పిలిచారు, మాట్లాడితే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చిప్పుల కంపెనీ నేర్చుకోవాల్సిందంతా నేర్చుకుంది. ఆ పైన సొంతంగా మనుషుల్ని పెట్టుకుని, మా చిప్పు కొంటే చిటికెడు సాయం మేమే ఉచితంగా చేస్తాం అని ప్రకటించింది. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎవరైనా చెయ్యొచ్చని రాసిపెట్టిందే అక్క.

ఖాతాదార్లు ఒక్కొక్కరే జారుకున్నారు. తమ్ముడు వాళ్ల ఆఫీసులకి వెళ్లి రిసెప్షన్లో కూర్చునేవాడు. గంటలు గంటలు కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, మీ చిటికెడు లేకపోతే మాకు పూట గడవదండీ అని పొగిడి, ఊరికే దొరికేదానికి డబ్బు ఖర్చంటే పైవాళ్లు ఒప్పుకోరండీ అని పంపించేవాళ్లు. ఒక ఫ్యాక్టరీ యజమాని అయితే తన మిషన్లన్నిట్లోనూ అదే ఉందని గోడౌనంతా తిప్పి మరీ చూపించి, గుమ్మం దాకా వచ్చి చెయ్యి కలిపి సాగనంపాడు. తమ్ముడు తిరిగొచ్చి ఆ సంగతి చెప్తే అక్క మొహం వెలిగిపోయింది. అన్ని మిషన్లలోనా అంది. తమ్ముడు బ్యాగు బల్ల మీద పడేసి బయటికి పోయాడు.

జీతాలకి కటకట అయిన ఏడు అతను తన ఫ్లాటు తాకట్టు పెట్టాడు. అందుకు బదులుగా కంపెనీలో అతని వాటా సగానికి మించేలా పెంచాలంటే, అక్క చేస్తున్న పని ఆపకుండానే కాగితాల మీద సంతకాలు పెట్టేసింది. తమ్ముడే కదా.

ఇక మీదట రాసే కోడ్ దాచిపెట్టి అమ్ముదాం అని అతను అడిగాడు. ఆమె వల్లకాదంది. మళ్లీ అడిగాడు. మాస్టారి మొహం ఎలా చూడమంటావురా అంది. అతను మళ్లీ అడగలేదు. సరే, దారికొచ్చాడు అనుకుని ఆమె పనిలో పడిపోయింది.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం, మిగతావాళ్లు భోజనానికి దిగాక, అతను ఆమె కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మేశాను అక్కా."

"ఏమిటి అమ్మావు? అంతా బయటే ఉందిగా."

"కంపెనీని. పేరుని. అందరూ సంతకాలు పెట్టి ఇచ్చిన హక్కుల్ని."

కొన్నది చిప్పుల కంపెనీ. పాత వెర్షన్లు ఎవరైనా వాడుకోవచ్చు, వాటిని ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ఇకపై వచ్చేవి మాత్రం కొనుక్కోవాలి. ఇక్కడ పనిచేసేవాళ్లందరికీ ఉద్యోగాలిస్తారు, అక్కకి సలహాదారు పదవి ఇస్తారు. అతను ఇదంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు.

"నాతో ఒక్క మాట అనాలనిపించలేదురా?"

"అంటే ఏమనేదానివి? వద్దనేదానివి. నువ్వు పంచిపెట్టావక్కా. నేను వాకిళ్ల వెంట తిరిగి అడుక్కున్నాను. చప్పట్లు కొట్టింది నీకు. బల్ల మీద కూర్చోబెట్టి నీళ్లు కూడా ఇవ్వనిది నాకు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా, ఎలా వెళ్తున్నావురా, ఏమంటున్నారు అని అడిగావా?"

కింద కంప్రెసర్ మొదలైంది. బల్ల వణికింది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెని ఎక్కువ కాల్చింది. అబద్ధమైతే తిట్టి కడుపుమంట చల్లార్చుకునేది.

సలహాదారు పదవి ఆమె వద్దంది. మర్నాడు కంప్యూటరు తెరిస్తే చిటికెడులోకి వెళ్లే తాళాలన్నీ మారిపోయి ఉన్నాయి. మీకు ప్రవేశం లేదు అని వచ్చింది. పొరపాటేమోనని ఆమె మళ్లీ కొట్టి చూసింది.

వార్త బయటికి పొక్కింది. ఊళ్లూ పేర్లూ తెలియని ఆ మనుషులంతా ఆమెనే తిట్టారు. కోడ్ పైన ఉన్నది ఆమె పేరు, సంతకాలు అడిగింది ఆమె. చిటికెలమ్మ చిటికెలో అమ్ముడుపోయిందని జోకులేశారు. అమ్మింది నేను కాదు, నా తమ్ముడు అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. రాసింది, కొట్టేసింది. వాణ్ణి నలుగురిలో నిలబెట్టడానికి చెయ్యి రాలేదు. ఆ జాలి ఎందుకు పడిందో తర్వాత ఆమెకే అర్థం కాలేదు.

ఒక గది అద్దెకి తీసుకుని, పాత కోడ్ దించుకుని, అక్కణ్ణించి మళ్లీ రాయడం మొదలుపెట్టింది. దానికి గుప్పెడు అని పేరు పెట్టింది. పదిమందీ చూడకముందే చిప్పుల కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. చిటికెడు, గుప్పెడు, రెండూ కొలతలే, చివర రెండూ ఒకేలా ఉన్నాయి, జనం భ్రమపడతారు, తీసెయ్యమని. ఇన్నేళ్లుగా అందరికీ ఇచ్చేసిందంతా ఆమెకీ మిగిలింది. తమకంటూ దాచుకున్నది పేరొక్కటే, అదే పోయింది. ఇంకో పేరు వెతికే ఓపిక లేక వదిలేసింది. వాడే నలుగురూ దాన్ని పాతది అనేవాళ్లు.

మాస్టారి భాగం మాస్టారే చూసుకుంటే బాగుంటుందని, నిజానికి ఆ మనిషి తన పక్కనుంటే చాలని, బస్సెక్కి ఆయన ఊరు వెళ్లింది. బడి వదిలాక ల్యాబులో ఆయన ఒక్కడే ఉన్నాడు. పిల్లలు చిక్కులుపెట్టి వదిలేసిన తీగల్ని విడదీసి చుట్టలు చుడుతున్నాడు. స్టూలు చూపించాడు, టీ తెప్పించాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"కోడ్ గురించి నాకు బాధ లేదమ్మా. ఎవరైనా వాడుకోవాలనే ఇచ్చాను. వాళ్లూ వాడుకోనీ. కానీ సంతకం ఆ కాగితం చూసి పెట్టలేదు, మీ గొంతు విని పెట్టాను."

"నేను నమ్మే చెప్పాను మాస్టారూ."

"నమ్మే చెప్పారు. అందుకే మిమ్మల్ని ఏమీ అనలేకపోతున్నాను."

మళ్లీ కలిసి పనిచెయ్యమని అడగడానికి ఆమెకి మొహం చెల్లలేదు. ఆయన గేటు దాకా వచ్చాడు, బస్సు ఎటువైపు ఆగుతుందో చెప్పాడు. మళ్లీ రమ్మనలేదు.

అమ్మ తమ్ముడి దగ్గరే ఉండేది, కాబట్టి అక్క ఆ ఇంటి గడప తొక్కడం మానేసింది. అమ్మే అప్పుడప్పుడు వచ్చేది. ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్లే, నన్ను తీర్పు చెప్పమనకండి అనేది. వెళ్తూ వెళ్తూ, అక్క సరిగ్గా తింటోందా అని వాడు అడుగుతుంటాడే అనేది. అక్క వినిపించుకోనట్టు ఉండేది.

పాతది తిండి పెట్టలేదు. ఆమె విడిపనులు వెతుక్కుంది. సెల్లార్లలో చేరిన నీళ్లు తోడే పంపులు చేసే ఫ్యాక్టరీ ఒకటి పిలిచింది. పంపుల్లో ఉన్నది చిటికెడు కొత్త వెర్షన్. పని ఇస్తాం గానీ మేడం, చిటికెడు సర్టిఫికెట్ ఉన్నవాళ్లే ముట్టుకోవాలి, లేకపోతే వాళ్ల గ్యారంటీ పోతుంది అన్నాడు యజమాని. మీకుందా అని అడిగాడు. ఆమె లేదంది. దాన్ని రాసింది నేనే అని చెప్తే నవ్వులాటకి అన్నట్టుంటుందేమో అనిపించి, చెప్పలేదు.

సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ చిప్పుల కంపెనీ వాళ్లు ఒక హోటల్ హాల్లో పెట్టారు. గుండ్రటి బల్లలు, ప్రతి కుర్చీ ముందూ ఒక పెన్నూ నీళ్లసీసా. చెప్పే అతను ఆమె ఈడువాడే, మాట చక్కనివాడు. తెర మీద ఆమె రాసిన వాక్యాలు వచ్చిపోతున్నాయి. ఎప్పుడో చిరాకులో, దీన్ని కదిపితే నాతో గొడవే అని ఆమె కోడ్ మధ్యలో రాసుకున్న మాట కూడా ఒకచోట వచ్చింది. అందరూ నవ్వారు. ఆమె నీళ్లు తాగింది.

చివర్లో పరీక్ష. లోపల నడిచే పనుల్లో ఒకటి బిగుసుకుపోతే ఏం చెయ్యాలి అని ప్రశ్న. ఆ ఒక్కదాన్నే ఆపి మళ్లీ మొదలుపెడితే చాలు, మిగతావి వాటి మానాన అవి నడుస్తాయి. ఆ ఏర్పాటు కోసం ఆమె ఏళ్ల తరబడి తల పగలగొట్టుకుంది. కొత్త వెర్షన్లో దాన్ని తీసేశారు. మొత్తం చిప్పుని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, ఇది వాళ్ల జవాబు. పాఠం నడుస్తుండగా పక్క బల్ల నుంచి ఒకతను, ఒక్కదాన్నే ఆపి నడపడం కుదరదా అని అడిగితే, చెప్పే అతను చిరునవ్వుతో, కుదరదండీ, చిటికెడు అసలు అందుకోసం చేసింది కాదు అన్నాడు. అప్పుడైనా లేచి మాట్లాడి ఉండొచ్చు. ఆమెకి ఆ సర్టిఫికెట్ కావాలి, అద్దె కట్టాలి. వాళ్ల జవాబుకే టిక్కు పెట్టింది. ఆ చిన్న గీత గియ్యడానికి పెన్ను మొరాయించి, రెండుసార్లు గియ్యాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీలో ఇంజినీరు చూపించిన జబ్బు సరిగ్గా అదే. నీటిమట్టం చూసే సెన్సారు ఒక్క క్షణం తడబడితే చాలు, చిప్పు మొత్తం ఆగి మళ్లీ లేచేది. మోటారు ఒక్కసారిగా ఎగిరిపడేది. పైపు అతుకులు ఊడి, తోడాల్సిన నీళ్లు తిరిగి సెల్లారులోనే పడేవి. చిరిగిన వాషర్లు డబ్బా నిండా చూపించింది ఆ ఇంజినీరు. అక్కకి ఎక్కడ ఏం మార్చాలో కళ్లు మూసుకున్నా కనపడుతోంది. సర్టిఫికెట్ ఉన్నా లోపలి కోడ్ ముట్టుకోకూడదు. చిప్పుల కంపెనీకి రాసింది. మీరు చెప్పినది లోపం కాదు, మేము కావాలనే అలా పెట్టాం అని మర్యాదగా జవాబొచ్చింది.

అప్పుడు యజమానికి పాతదాని సంగతి చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"దాని వెనకాల ఎవరున్నారు మేడం?"

"నేను."

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే."

ఆయన తల పంకించాడు. ఇంతమంది సెల్లార్లు ఒక్క మనిషి చేతిలో ఎలా పెట్టను అని ఆయన పైకి అనలేదు గానీ, ఆమె ఆయన స్థానంలో ఉంటే అదే అనుకునేది. చివరికి చిప్పు జోలికి పోకుండా, మోటారు మెల్లగా అందుకునేలా బయట ఒక చిన్న పరికరం తగిలించింది. ఎలక్ట్రికల్ షాపులో దొరికేదే. అతుకులు ఊడటం ఆగింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా ఇదేనండీ అని యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆమె స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకుంది.

మరో రెండేళ్లు గడిచేసరికి చిప్పుల కంపెనీకి కొత్త అధికారులొచ్చారు. వాళ్లకి ఇంకో ప్రోగ్రాం నచ్చింది. చిటికెడుని ఆపేశారు. దాని మీద పనిచేసేవాళ్లని ఇంటికి పంపారు. అక్కడే ఉద్యోగంలో చేరిన తమ్ముణ్ణీ పంపారు.

ఒక ఉదయం అతను అక్క గదికి వచ్చాడు. జుట్టు పలచబడింది. అమ్మ చెప్పిందో ఏమో, చిరునామా సరిగ్గానే పట్టుకున్నాడు. బల్ల మీది బోర్డుని చూశాడు గానీ అదేమిటని అడగలేదు. పేరు వెనక్కి కొందామని వాళ్లని అడిగానక్కా అన్నాడు. వాళ్లు అమ్మరట, వాడరట. పడి ఉండనీ అన్నారట. అక్క అతన్ని కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది.

"నీకు అమ్మిపెట్టే మనిషి కావాలేమో అని వచ్చాను. జీతం సంగతి తర్వాత చూసుకుందాం."

ఆమె గ్లాసు వంక చూసింది.

"కావాలి. నువ్వు కాదు."

అతను తలూపాడు. మిగిలిన నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ బోర్డు ముందు కూర్చుంది గానీ చెయ్యి పనిమీదికి పోలేదు. గెలిచినట్టు లేదు. ఓడినట్టూ లేదు.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది.

"వాడొచ్చాడా?"

"వచ్చాడు."

"ఏమన్నాడు?"

"పని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"ఖాళీ లేదన్నాను."

ఇంకేదో అడుగుతుందని అక్క ఫోను చెవికి అలాగే ఆనించుకుని ఉంది. అమ్మ సరేలే అని పెట్టేసింది.